పళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి

మా డాక్టరమ్మ పోయారన్న కబురు నాకు ట్రస్టు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దీపాల బొమ్మలు, జోడించిన చేతులు, 'ఓం శాంతి' అని వరసగా సందేశాలు. వాటి మధ్యలో ఎవరో మహానుభావుడు రాబోయే విదేశీ వైద్య శిబిరం పోస్టరు కూడా పెట్టేశాడు. చూసుకోకుండా దాని కింద కూడా ఇద్దరు 'ఓం శాంతి' అని పెట్టారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ గ్రూపులోంచి ఆమెను తీసేసి చాలా కాలమైంది. నన్ను తీసేయడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ముందురోజు సాయంత్రం షట్టర్ దించుతూ, "రేపు జర పెందలాడే రావే" అని నా యాసలోనే నన్ను ఎక్కిరించి ఇంటికి వెళ్ళిన మనిషి. నిద్రలో గుండె ఆగిపోయిందట. సూరత్ గోడాదరా పేటలో ఇంతమంది నోళ్ళు బాగుచేసిన మనిషి, తాను మాత్రం నోరు తెరిచి ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారు.

నేను ఆమె దంతవైద్యశాలలో సహాయకురాలిని. రోగి నోట్లోకి లైటు తిప్పడం, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకోవడం, పనిముట్లు మరగబెట్టడం, బయట వరస తప్పేవాళ్ళను తిట్టడం నా పనులు. మా నాన్న కరీంనగర్ దగ్గరి నుంచి సూరత్‌కు పవర్‌లూమ్ పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడి తెలుగు బడిలోనే అక్షరాలు దిద్దాను. ఆమెది బెజవాడ. రైల్వేలో పనిచేసే తండ్రికి ఈ ఊరి ఉధ్నా స్టేషన్‌కు బదిలీ అయితే వెంట వచ్చి, తండ్రి పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "పొద్దస్తమానం నోళ్ళే చూస్తున్నా కదే, ఇంటికెళ్ళి కూడా ఇంకొకరి నోరు వినాలా?" అనేవారు.

ఆమె నన్ను పనిలోకి తీసుకున్న తీరు కూడా అంతే. మా అమ్మ పంటినొప్పికి తీసుకెళ్ళాను. ఒకాయన మమ్మల్ని తోసుకుని ముందుకు దూరబోతే ఆయనతో తగువు పెట్టుకున్నాను. లోపలినుంచి ఆమె చేతిలో పనిముట్టుతోనే బయటికి వచ్చి, "ఎవరిదే ఆ గొంతు?" అన్నారు. నాదేనన్నాను. "రేపట్నుంచి వచ్చెయ్. నేను లోపల చూసుకుంటాను, నువ్వు బయట చూసుకో." మా అమ్మ పన్ను సంగతి ఆ తర్వాత చూశారు.

మగ్గాల దగ్గర పనిచేసేవాళ్ళు మావా నములుతారు. వక్క, పొగాకు, సున్నం. నిద్ర రాకుండా ఉండటానికట. అలా నమిలి నమిలి నోరు సగం కూడా తెరుచుకోనివాళ్ళు వచ్చేవాళ్ళు. "మావా ఏసుకోకుంటే మిషిన్ కాడ నిద్రొస్తది మేడమ్" అని ఒకతను అంటే, "నిద్రొస్తే మొహం కడుక్కో నాయనా! నీ నోరు గటర్‌లా చేసుకుని వచ్చావు, అందులో నేను చెయ్యి పెట్టాలి" అని కసిరారు. అలా కసురుతూనే అతని గడ్డం పట్టుకుని, నొప్పి తెలియకుండా మత్తు సూది వేశారు. అతను వెళ్ళాక నాతో అన్నారు: "మన ముందు నోరు తెరిచారంటే నమ్మారన్నమాటే. తిట్టొచ్చు, మోసం చెయ్యకూడదు."

ఇంకో మాట కూడా అనేవారు. పన్ను పీకడం పెద్ద పని కాదు, పీకిన చోట ఏం పెడతామన్నదే పని అని. అప్పట్లో ఆ మాటను నేను అంతగా పట్టించుకోలేదు.

ఊళ్ళోనే వరాఛా పేటలో వజ్రాల వ్యాపారులు, బట్టల వ్యాపారులు కలిసి నడిపే ట్రస్టు ఒకటుంది. పేరు రాయను, వాళ్ళకు ఉన్న పేరు చాలు. ఏడాదికోసారి డాక్టర్లను పోగుచేసి ఆఫ్రికాకు తీసుకెళ్ళి ఉచిత శిబిరం పెడతారు. ఒక ఏడు మా డాక్టరమ్మను పిలిచారు, ఆమె వెంట నేనూ వెళ్ళాను. విమానం ఎక్కడం అదే మొదలు. మా అమ్మ వీధంతా చెప్పుకుంది.

టాంజానియాలో పెద్ద సరస్సు దగ్గరి పల్లె అది. మట్టిగోడల చిన్న డిస్పెన్సరీ, ఒక నర్సు, బయట చెట్టు కింద కూర్చున్న జనం. అందరికీ ట్రస్టు బొమ్మ ఉన్న టీషర్టులు ఇచ్చారు. పళ్ళ విభాగానికి ఒక తెల్ల బకెట్ కూడా ఇచ్చారు. పీకిన పళ్ళన్నీ అందులో వేయాలట. చివరిరోజు ఆ బకెట్ పక్కన నిలబడి ఫొటో దిగాలని ట్రస్టు ప్రముఖ్‌గారి కోరిక; గుజరాతీలో అధ్యక్షుణ్ణి అలా అంటారు. సూరత్‌లో సభ పెట్టి చూపిస్తే దాతలకు హుషారు వస్తుందట. "పళ్ళు కాబట్టి బకెట్టు పెట్టారు. ఆపరేషన్లయితే ఏం పెట్టేవారు?" అని డాక్టరమ్మ నాతో తెలుగులో గొణిగి, ఫొటో తీసే వేళకు దాని మీద తువ్వాలు కప్పేశారు. ఫొటోలో తువ్వాలే పడింది.

బీబీ ఆ శిబిరానికే వచ్చింది. అక్కడ ముసలమ్మను బీబీ అంటారు. చేతిలో కర్ర, తలకు పసుపు గుడ్డ, నోట్లో మిగిలిన కొద్ది పళ్ళూ ఊగుతున్నాయి, చిగుళ్ళ నుంచి చీము. నొప్పితో రాత్రిళ్ళు నిద్ర లేదు. ఉన్నవన్నీ తీసేయాలని నర్సు చేత చెప్పించారు డాక్టరమ్మ. బీబీ వెంటనే ఒప్పుకోలేదు. తన ముందుపళ్ళు రెండింటినీ వేలితో తాకి, నర్సుతో చాలాసేపు మాట్లాడింది. వాటి మధ్య ఇంత సందు ఉంది. అక్కడ ఆ సందు అందమట. వయసులో ఉన్నప్పుడు ఆ నవ్వు చూసే పెనిమిటి వెంటపడ్డాడట. అవి పోతే తన నవ్వు పోతుంది, పొయ్యిమీద కాల్చిన మొక్కజొన్న తినడమూ పోతుంది. ఆ రెండింటికీ నువ్వేం చెప్తావని ఆమె ప్రశ్న.

డాక్టరమ్మ ఎప్పుడూ 'చూద్దాం' అనరు. అవుననైనా అంటారు, కాదనైనా అంటారు. "ఇప్పుడు తీసేస్తాను. వచ్చే ఏడు చిగుళ్ళు మానాక అచ్చు తీస్తాను. ఆ పై ఏడు పళ్ళు తెచ్చి పెడతాను, సందుతో సహా. మొక్కజొన్న నువ్వే కాల్చి నాకూ పెట్టాలి" అని చెప్పించారు. బీబీ ఆమె మొహంలోకి కాసేపు చూసి, నోరు తెరిచింది.

మాట ప్రకారం రెండో ఏడు వెళ్ళాం. నొప్పులు పోయి జనం మొహాలు తేటపడ్డాయి గానీ బుగ్గలు లోపలికి పోయాయి. బీబీలాగే పళ్ళన్నీ తీయించుకున్నవాళ్ళందరూ గంజి తాగి బతుకుతున్నారు. డాక్టరమ్మ ఒక్కొక్కరి నోట్లో గులాబీరంగు ముద్ద పెట్టి అచ్చులు తీశారు. బీబీ పంతులామెలాగా నిటారుగా కూర్చుని ముద్దను చిగుళ్ళతో అదిమి పట్టుకుంది, ఎంత చెప్పినా వదలదు. డాక్టరమ్మ లాగుతారు, బీబీ వదలదు. చివరికి ఇద్దరికీ నవ్వాగలేదు, అచ్చు పాడైంది. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

ఆ అచ్చులను గుడ్డల్లో చుట్టి సూరత్ తెచ్చాం. పళ్ళ సెట్లు వరాఛాలో ఒక ల్యాబ్ చేసింది. బీబీ సెట్టు దగ్గరే వచ్చింది తంటా. చక్కగా, ఒత్తుగా, సందు లేకుండా వచ్చింది. ముందే చెప్పాను కదయ్యా అని డాక్టరమ్మ తిప్పి పంపారు. మళ్ళీ అలాగే వచ్చింది, పైగా పాలిష్ కూడా ఎక్కువ పెట్టి. ల్యాబ్ అతను ఫోన్‌లో ఎంతో వినయంగా, "మేడమ్, కాగితంలో సందు అని పొరపాటున పడింది, నేను సరిచేసేశాను" అన్నాడు. వజ్రాలు సానబట్టే వాడలో పుట్టినవాడు, రెండు రాళ్ళ మధ్య సందు కనబడితే వాడికి నిద్రపట్టదు. డాక్టరమ్మ నన్ను తీసుకుని ఆటోలో వెళ్ళి, వాడి ముందు కూర్చుని, "ఈ సందు ఒక మనిషి నవ్వు నాయనా. నీకు తప్పులా కనబడుతోంది గానీ వాళ్ళాయన దీన్ని చూసే పెళ్ళి చేసుకున్నాడు" అని చెప్పారు. వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. మూడోసారి సందుతో వచ్చింది.

మూడో ఏడు శిబిరం ఏర్పాట్ల మీటింగుకు డాక్టరమ్మ ఆ పెట్టెలన్నీ సంచిలో పెట్టుకుని వెళ్ళారు. పెళ్ళివారికి చీరలు చూపించినట్టు ఒక్కొక్కటి తీసి బల్లమీద పెట్టారు. ప్రముఖ్‌గారు చూసి, "వాహ్, క్యా కామ్ హై" అని మెచ్చుకుని, ఈసారి శిబిరం ఆ ఊళ్ళో కాదన్నారు. పెద్ద దాత ఒకాయన వేరే దేశంలో ఫ్యాక్టరీ పెట్టాడు, శిబిరం అక్కడే పెట్టాలన్నాడు. సేవ ఎక్కడైనా సేవే కదా.

"అవి ఆ నోళ్ళకు చేసిన పళ్ళండీ" అన్నారు డాక్టరమ్మ.

"తీసుకు రండి మేడమ్. ఇంతమంది వస్తారు, ఎవరో ఒకరికి సరిపోతాయి."

చెప్పులు కూడా అలా సరిపెట్టరు. ఆ గదిలో ఇంకా డాక్టర్లున్నారు, చదువుకున్నవాళ్ళే. కొత్త దేశంలో సింహాలు చూపించే అడవి దగ్గరే ఉందని అప్పటికే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. డాక్టరమ్మ పెట్టెలన్నీ మళ్ళీ సంచిలో సర్దుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, "నేను వాళ్ళ పళ్ళు పీకి వచ్చానండీ" అన్నారు. అంతే. ఆ వారమే ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

సొంతంగా వెళ్ళొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. పరాయి దేశంలో రోగి నోట్లో చెయ్యి పెట్టాలంటే అక్కడి సర్కారు అనుమతి కావాలి. అది ట్రస్టు పేరు మీదే వస్తుంది. ఆమె అడుగుతూనే ఉన్నారు, వాళ్ళు దాటేస్తూనే ఉన్నారు. పార్సిల్‌లో పంపితే? పళ్ళ సెట్టు గాజులు కాదు, ఎక్కించుకుని తిరగడానికి. నోట్లో పెట్టి, ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి, అక్కడ గీకి సరిచేయాలి. ఆ చుట్టుపక్కల పళ్ళ డాక్టరు లేడు. లేడనే కదా మేం వెళ్ళింది!

ఆ పెట్టెలు క్లినిక్ అరలో చేరాయి. పళ్ళ సెట్టు ఎండిపోతే వంకరపోతుంది, నీళ్ళలోనే ఉంచాలి. రోజూ షట్టర్ తీయగానే డాక్టరమ్మ మొదట చేసేది ఆ నీళ్ళు మార్చడం. పాత నీళ్ళు పారబోసి, మెత్తని బ్రష్‌తో ఒక్కొక్క సెట్టూ రుద్ది, కొత్త నీళ్ళు పోసి, ఆ మనిషి పేరు పలికి మూత పెట్టేవారు. ఆ తర్వాతే దేవుడికి అగరుబత్తి. నేను చేస్తానంటే ఇచ్చేవారు కాదు. మా అమ్మ ఒకసారి వచ్చి వాటిని చూసి హడలిపోయింది. "ఏందమ్మా గివి? ఎవ్వరి పండ్లు? దయ్యాల లెక్క నవ్వుతున్నయి. జర బట్టన్న కప్పరాదు!" డాక్టరమ్మ నవ్వి, "మనవి కావమ్మా. అడిగి పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, దూరాన" అన్నారు.

అక్కడి నర్సు అప్పుడప్పుడు వీడియో కాల్ చేసేది. ఫోన్లో బీబీ కనబడేది. పలకరింపులయ్యాక బీబీ ఫోన్‌కు దగ్గరగా వచ్చి నోరు తెరిచి చూపించేది. డాక్టరమ్మ అద్దాలు పైకి తోసుకుని, ఆ మసక తెరలో చిగుళ్ళు చూసేవారు. ఫోన్ పెట్టేశాక నాతో, "చిగుళ్ళు అరిగిపోతున్నాయే. ఏడాదికేడాది సెట్టు వదులైపోతుంది" అనేవారు. మరెలాగమ్మా అంటే, "వదులైతే లోపల మందు పోసి బిగిస్తాను. ముందు నన్ను అక్కడికి పోనివ్వాలిగా" అనేవారు. చలికాలం వస్తే ఈ ఊళ్ళో లేత జొన్నలు కాల్చి పోంక్ అమ్ముతారు. ఆమెకు ప్రాణం. ఆ మీటింగు తర్వాత నేను కొని తెచ్చినా ముట్టుకోలేదు. ఒట్టు పెట్టుకున్నారా అని అడిగితే, "ఒట్టేం కాదు, సహించట్లేదు" అన్నారు. అదొక్కటే ఆమె నాతో చెప్పిన బాధ.

సంతాప సభ వరాఛాలో పెట్టారు, పెద్ద ఏసీ హాల్లో. వేదిక వెనక ఫ్లెక్సీ. దాని మీద బీబీ! మొదటి ఏడు తీసిన ఫొటో. పళ్ళన్నీ తీసేశాక బోసినోరు తెరిచి కూర్చున్న బీబీ, పక్కన డాక్టరమ్మ. కింద గుజరాతీలో 'నవ్వులు పంచిన తల్లి' అని రాశారు. నా ఒళ్ళు మండిపోయింది. ఏ నవ్వు? ఎవరికి పంచారు? ఆ ఫొటోలో ఆ ముసలమ్మ నవ్వడం లేదు, పంటి గాయానికి పెట్టిన దూది కొరుకుతోంది.

ప్రముఖ్‌గారు చాలా బాగా మాట్లాడారు. రాబోయే శిబిరానికి మా డాక్టరమ్మ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. అది ఏ దేశంలోనో మీరు ఊహించగలరు. చప్పట్లు కొట్టారు, సంతాప సభలో. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నేను హిందీలో ఒక్క ముక్కే అడిగాను: "ఆమె పేరు వద్దు సార్. ఆమె వెళ్ళాలనుకున్న ఊరికి శిబిరం పెట్టండి. వాళ్ళ పళ్ళు వాళ్ళకు ఇచ్చేద్దాం."

"బేటీ, ఇప్పుడు ఆ మాటలు ఎందుకు" అని మైకు తీసుకున్నారాయన. వెనకనుంచి ఎవరో నా చున్నీ పట్టుకుని కూర్చోబెట్టారు.

డాక్టరమ్మ తమ్ముడు బెజవాడ నుంచి వచ్చి క్లినిక్ ఖాళీ చేశాడు. మంచివాడే, ఆయన తప్పేం లేదు. కుర్చీని, మిషన్లను ఎవరికో ఇచ్చేశాడు. అర దగ్గరికి వచ్చి, "వీటిని ఏం చేద్దామమ్మా?" అని నన్నడిగాడు. నేను తీసుకెళ్తానన్నాను. కూరగాయల సంచిలో, ఒలికిపోకుండా మూతలు బిగించి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మర్నాడే ట్రస్టు నుంచి మనిషి వచ్చాడు, నీటుగా ఇస్త్రీ బట్టల్లో. ఆ పళ్ళ సెట్లు ఇవ్వమన్నాడు. ఆఫీసులో డాక్టరమ్మ ఫొటో కింద అద్దాల పెట్టెలో, మఖ్మల్ గుడ్డ మీద పెడతారట. వచ్చేపోయే దాతలు ఆమె సేవ చూస్తారట.

"అద్దాల పెట్టెలో నీళ్ళు పోస్తారా?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. "నీళ్ళెందుకు?"

మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఎందుకో తెల్వనోనికి ఎట్లిస్తరు కొడుకా? పో, పొయ్యి మీ సేటుకు చెప్పు, గవి ఒకరి నోట్ల పెట్టుకునే పండ్లని" అంది. దయ్యాలన్న మనిషే.

మళ్ళీ నర్సు ఫోన్ చేసినప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను, ఆమె వాళ్ళ భాషలో బీబీకి చెప్పింది. బీబీ చాలాసేపు ఏడ్చింది. పసుపు గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎప్పటిలాగే ఫోన్‌కు దగ్గరగా వచ్చి, నాకు నోరు తెరిచి చూపించింది.

నాకు చిగుళ్ళు చూసి చెప్పడం రాదు. అయినా అద్దాలు లేని కళ్ళతోనే, ఆమె నోరు మూసేదాకా చూశాను. ఇది చదివేవాళ్ళలో పళ్ళ డాక్టర్లు ఉంటే, అటువైపు వెళ్ళే దారి మీకేమైనా ఉంటే, వచ్చి నన్ను పిలవండి. పెట్టెలు నేను మోస్తాను. ఫొటో మాత్రం దిగను.

ఇప్పుడు అవి మా వంటింటి అరలో, ఉప్పు డబ్బా పక్కన ఉన్నాయి. పొద్దున్నే టీ పెట్టకముందే నీళ్ళు మారుస్తాను. ఒక్కొక్క పేరు పలకడం నాకు ఇంకా సరిగ్గా రాదు, పలుకుతాను. బీబీ పెట్టె చివరికి వస్తుంది. సెట్టును అరచేతిలోకి తీసుకుని కుళాయి కింద పెడితే, నీళ్ళు పళ్ళ మీద ఒక్క క్షణం నిలిచి, ముందు ఉన్న ఆ సందులోంచి సన్నగా కిందికి కారతాయి.